దొరసాని కసువు

జమ్మలమడుగులో పెన్నకు పోయే బాట పక్కన ఆడపిల్లల బోర్డింగు ఒకటి ఉండేది. గేటు దాటి లోపలికి అడుగు పెడితే రాతిమెట్ల దాకా పచ్చటి గరిక పరుచుకొని ఉండేది. చుట్టూ నల్లరేగడి నెర్రెలు విచ్చిన ఊళ్లో అంత పచ్చదనం ఎవరి కళ్లనైనా పట్టి ఆపేది. సంతకు వచ్చిన రైతులు గేటు కమ్ములు పట్టుకొని చూసి, తమలో తాము నవ్వుకొని పోయేవాళ్లు. నవ్వక ఏం చేస్తారు? ఆ సీమలో రైతుకు గరికను మించిన పగ లేదు. ఒకసారి చేలో పడిందంటే వేరు మనిషిలోతు దిగిపోతుంది. గడ్డపారలు పట్టుకొని వరసగా నిలబడి పెళ్లలు పెళ్లలుగా తిరగేస్తే తప్ప వదలదు. అట్లాంటి గరికను ఏరి తెప్పించి, తాడు కట్టి వరసలు నాటించి, రోజూ తడి పెట్టించింది ఆ బోర్డింగును నడిపిన దొరసాని.

"మేము పీకి గట్టు మీద పారేసింది ఆయమ్మ ఏరుకొని నాటుకునింది. ఆ దేశంలో చేన్లు ఎట్లుంటాయో ఏమో" అనుకునేవాళ్లు రైతులు.

ఆ సీమలో గడ్డిని కసువు అంటారు. ఊరంతా దాన్ని దొరసాని కసువు అనేది.

సంతోషమ్మ ఆ కసువుతో పాటే పెరిగింది. ఆమెది పులివెందుల దగ్గర తొండూరు. కలరా గత్తర వచ్చిన ఏడు అమ్మానాన్నా ఒకరి వెనక ఒకరు పోతే, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి ఒకాయన చంకనెత్తుకొని తెచ్చి బోర్డింగు మెట్ల మీద దించాడు. ఆ పిల్ల తలనిండా పేలు, ఒంటినిండా పుండ్లు. ఆయాలు దగ్గరికి రావడానికి జంకితే, దొరసాని మెట్ల మీదే కూర్చొని, ఆ తలను తన ఒళ్లో పెట్టుకొని, కానుగనూనె రాసి, తన చేత్తో పేలు దువ్వింది. సంతోషమ్మకు అమ్మ ముఖం గుర్తులేదు గానీ, ఆ సాయంత్రం తన తలమీద కదిలిన ఆ తెల్లటి వేళ్లు ముసలితనం దాకా గుర్తున్నాయి.

దొరసాని తెలుగు ఒక వింత. సగం మునిషీ దగ్గర పుస్తకాలు చదివి నేర్చింది, సగం ఆయాల నోట విని పట్టింది. "పిల్లలారా, భుజించితిరా? కసువు ఊడ్చినారా?" అని ఒక్క గుక్కలో అనేది. పిల్లలు కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వేవాళ్లు. ఆమెకూ నవ్వొచ్చేది. పొద్దు వాలాక మాత్రం బూట్లు విప్పేసి ఆ గరిక మీద వట్టికాళ్లతో మెల్లగా నడిచేది. అప్పుడు ఎవరూ పిలిచేవాళ్లు కాదు. ఆమె నడుస్తున్నది జమ్మలమడుగులో కాదనీ, సముద్రం అవతల తన పుట్టింట్లోననీ ఆ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

సంతోషమ్మ అక్కడే చదువుకొని, అక్కడే టీచరై, పెళ్లి మాట తలపెట్టకుండా అక్కడే పిల్లలకు పెద్దమ్మ అయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు దొరసాని ఆరోగ్యం చెడి తన దేశానికి ప్రయాణమైంది. ముద్దనూరు స్టేషనుకు పోవడానికి ఓబులేసు బండి కట్టాడు. ఓబులేసు బోర్డింగులోనే కపిలి తోలేవాడు. ఎద్దుల్ని ముందుకూ వెనక్కూ నడిపిస్తూ తోలు బానతో బావిలో నీళ్లు తోడేవాడు. పిల్లలందరూ ఏడుస్తూ గేటు దగ్గర నిలబడ్డారు. బండి కదలబోతుండగా దొరసాని గొడుగు చివరతో లోపలికి చూపించి, సంతోషమ్మతో అంది:

"సంతోషమ్మా, కసువు ఒక్క దినమైనను విడువవద్దు. మాట ఇమ్ము."

"అట్లే అమ్మా. విడువను" అని సంతోషమ్మ రెండు చేతులూ జోడించింది. బండి మలుపు తిరిగేదాకా జోడించిన చేతులు దించలేదు.

ఆనాటి నుంచి ఆ గరికకు తడి తప్పలేదు. పిల్లల్ని దాని మీద కాలు పెట్టనిచ్చేది కాదు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం, వినాయకచవితి ముందర, గుడి పూజారి భార్య మీనాక్షమ్మ గేటు దగ్గరికి వచ్చి మొహమాటంగా నిలబడేది. సంతోషమ్మ తానే వంగి లేత కొనలు ఏరి, ఆకులో చుట్టి ఇచ్చేది. "మీ సామికి మంచివి చూసి ఇచ్చినా, తీసుకుపో తల్లీ" అనేది. మీనాక్షమ్మ పండగ మర్నాడు తప్పకుండా కుడుములు పంపేది. అంతకు మించి ఆ పచ్చదనం వల్ల ఎవరికీ ఒరిగింది లేదు. దాని మీద సీతాకోకచిలుక వాలేది కాదు, పిచ్చుక దిగేది కాదు. నీడ లేదు, పూవు లేదు. అయినా అది దొరసాని నడిచిన నేల. సంతోషమ్మకు అంతే చాలు.

ఆంధ్రరాష్ట్రం వచ్చి, అందరి నోటా కర్నూలు రాజధాని మాటలే వినబడుతున్న రోజుల్లో, ప్రొద్దుటూరు నుంచి సత్యానందం అయ్యగారు బోర్డింగుకు వచ్చాడు. ఆయన బోర్డింగు పెద్దల్లో ఒకడు. ఆయన్నూ చిన్నప్పుడు దొరసానే చదివించింది. పిల్లలందర్నీ కూర్చోబెట్టి ప్రార్థన చేసి, దొరసాని తన దేశంలో దేవుడి దగ్గరికి పోయిందని చెప్పాడు. చెప్పి బయటికొచ్చి, ఆ గరిక దగ్గర మోకాళ్లూని, అరచేత్తో దాన్ని నిమిరాడు.

"అమ్మ ఆనవాలు మనకు ఇదొక్కటే మిగిలింది సంతోషమ్మా. నీ చేతుల్లో ఉండాది. ఎండనీయొద్దు తల్లీ" అన్నాడు.

ఆ పైన వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు తప్పాయి. మరుసటి ఏడూ తప్పాయి. పెన్న ఇసక బయటపడి తెల్లగా మెరిసింది. బోర్డింగు బావిలో నీళ్లు కిందికి దిగుతూ దిగుతూ బురద రంగు తేలాయి. పొద్దున్నే ఓబులేసు కపిలి తోలితే కాసేపటికే బాన నేల తాకి చప్పుడు చేసేది. ఆ వచ్చిన నీళ్లలో వంటకు కొంత పోను, మిగిలింది కాలవలో పడి గరికకు పారేది. పిల్లల తాగేనీళ్లు, స్నానాల నీళ్లు పెన్నలో చెలమలు తోడి తెచ్చుకోవడమే. సంతోషమ్మ కూడా నెత్తిన బిందె పెట్టుకొని వాళ్లతోనే పోయేది. పిల్లలందరూ తాగినాకే తాను తాగేది. తన స్నానం నీళ్లు సైతం పళ్లెంలో పట్టి గరిక మీద చల్లేది. తాను తప్పు చేస్తున్నానేమో అన్న అనుమానం అప్పుడప్పుడూ పొడిచేది గానీ, ఇచ్చిన మాట ఎదుట నిలబడగానే నోరు మూసుకునేది.

చైత్రం ఎండల్లో ఒకరోజు సింహాద్రిపురం పిల్ల రత్నమణి చెలమ దగ్గర వెనకబడింది. పిడికెడంత పిల్ల, కాళ్లకు చెప్పులు లేవు. పెద్దపిల్లలు నింపుకొని పోయారు. ఆ పిల్ల ముంత ముంతగా ఊరే నీళ్లు తోడుకొని, బిందె ఎత్తుకొని, కాలే ఇసకలో బయలుదేరింది. దించితే నీళ్లు ఒలికిపోతాయని యాడా దించలేదు. సంతోషమ్మ వెతుక్కుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి, పక్కింటి సైదాబీ ఆ పిల్లను చంకనెత్తుకొని వస్తోంది. పిల్ల పాదాలకు తడిగుడ్డ చుట్టి ఉంది. గుడ్డలోంచి గోరింటాకు ముద్ద పచ్చగా కనబడుతోంది. నీళ్ల బిందెను సైదాబీ రెండో చేత్తో పట్టుకుంది. ఒక్క చుక్క ఒలకలేదు.

"పాదాలు బొబ్బలెక్కినాయి. గోరింటాకు నూరి పెట్టినా, సల్లబడుతుందిలే" అంది సైదాబీ, పిల్లను అరుగు మీద దించుతూ. అంతలో ఆమె చూపు గరిక మీద పడింది. కాలవలో నీళ్లు తళతళలాడుతూ పారుతున్నాయి.

"ఏంది సంతోషమ్మా నీ న్యాయం? కసువుకేమో బాయి నీల్లు, బిడ్డకేమో చెలమా? మా గొడ్డుకన్నా అడిగితే పిడికెడు కసువు ఇయ్యవు. ఇంగ దాన్ని ఎవురి కోసం పెంచుతాండావు?"

"మాట ఇచ్చినా సైదాబీ" అంది సంతోషమ్మ, పిల్ల కాలు ఒళ్లోకి తీసుకుంటూ.

"సచ్చిపోయినామెకు ఇచ్చిన మాట గట్టిదే. బతికుండే ఈ బిడ్డకు ఏ మాటా ఇయ్యలేదా నువ్వు?"

అనేసి, అనరాని మాట అన్నానేమోనని వెంటనే నాలుక కరుచుకుంది. "నీ మనసు నాకు తెలుసులే. ఎండకు నోరు పొడిబారి మాట పెళుసెక్కింది" అని, పిల్ల తల నిమిరి వెళ్లిపోయింది.

ఎద్దుల్ని నీడకు కట్టేసి వచ్చిన ఓబులేసు అంతా విన్నాడు. అరుగు కింద గొంతుకూర్చొని, తలపాగ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"అక్కా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. ఏం మాట ఇచ్చినావు నువ్వు దొరసానికి?"

"నువ్వు ఆడనే ఉంటివి కదా ఓబులేసూ. కసువు ఒక్కదినమన్నా విడవద్దనె. విడవనంటి."

ఓబులేసు వింతగా చూశాడు. "దాని గురించా నువ్వు ఇన్నేండ్లూ... అక్కా, ఆయమ్మ చెప్పింది చెత్త గురించి కదా!"

"ఏం చెత్త?"

"ఊడ్చే కసువక్కా! ఆ పొద్దు మీరంతా ఏడుపుల్లో ఉండి వాకిలి ఊడవలేదు. యాపాకు, విస్తరాకులు, అంతా ఆణ్నే పడుండె. ఆయమ్మ బండెక్కేటప్పుడు దాన్ని చూసి మూతి ముడిచింది. కసువు విడవద్దు అనె. వాకిట్లో చెత్త ఒక్కదినం కూడా ఉండనీయొద్దని నేనట్ల అనుకుంటి. ఈ గరిక సంగతి నా తలకాయకే తట్టలే."

సంతోషమ్మ చేతులు పిల్ల పాదం మీదే ఆగిపోయాయి. ఆ మాట మళ్లీ మళ్లీ మనసులో పలికించుకుంది. కసువు ఒక్క దినమైనను విడువవద్దు. గడ్డిని విడవద్దు. చెత్తను విడవద్దు. ఎటు తిప్పినా సరిపోతోంది. గొడుగు చివర ఎటు చూపింది? లోపలికి. వాకిలీ లోపలే, గరికా లోపలే.

"నిజంగా చెత్త అనేనా ఓబులేసూ? దేవుని మీద ఆన పెట్టి చెప్పు."

ఓబులేసు తల గోక్కున్నాడు. "ఆన అంటే ఎట్ల పెట్టేదక్కా? నాకు అట్ల వినపడె, నీకు ఇట్ల వినపడె. అడగాలంటే ఆయమ్మనే అడగాల."

అడగడానికి ఆయమ్మ లేదు.

ఆదివారం ప్రార్థన గుళ్లో సంతోషమ్మ మోకాళ్లూని శానాసేపు లేవలేదు. మొదట ఆమెకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ చెత్త అన్న మాటకు గరికను పెంచానా, పసిపిల్లల నోటి నీళ్లు తీసి పోశానా అని. తర్వాత అంతకన్నా పెద్ద దిగులు పట్టుకుంది. నీళ్లు కరువైన ఇప్పుడే ఈ రెండో అర్థం ఎందుకు దొరికింది? నాకు అనుకూలం కాబట్టి దీన్ని పట్టుకుంటున్నానా? వర్షాలు బాగా పడి ఉంటే ఓబులేసు మాట నమ్మేదాన్నా? మాట తప్పడానికి దారి వెతికేవాళ్లకు మాటలో పగులు ఎప్పుడైనా కనబడుతుంది. అట్లా సాకు చెప్పుకొని దొరసాని ముందు నిలబడటం ఆమె వల్ల కాదు.

లేచేటప్పటికి ఒక్కటి మాత్రం తేలింది. ఓబులేసు చెప్పింది నిజమని నమ్మి గరికకు తడి ఆపకూడదు. దొరసాని గరికనే అన్నదనుకొని, అయినా ఆపాలి. మాట తప్పాననే ఒప్పుకోవాలి.

సోమవారం పొద్దున కపిలి మొదలవగానే పార తీసుకొని కాలవ దగ్గరికి పోయింది. గరిక వైపు పారే మడవకు మట్టి వేసి, పిల్లల తొట్టి వైపు గండి కొట్టింది. నీళ్లు ఒక్క క్షణం తెలియనట్లు ఆగి, తొట్టి వైపు తిరిగాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. సంతోషమ్మ వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయింది.

గరిక పసుపు తిరిగింది గానీ చావలేదు. గేటు దగ్గర నిలబడి నవ్విన రైతులే కబురు తెలిసి గడ్డపారలు పట్టుకొని వచ్చారు. "తడి పెట్టడానికైతే మమ్మల్ని అడగొద్దు గానీ, గరిక తవ్వేదానికి మాకంటే ఎవురుండారు పెద్దమ్మా" అన్నాడు ఒక ముసలాయన. కూలి అడగలేదు. పెళ్లలు తిరగేస్తుంటే సంతోషమ్మ వరండాలో నిలబడి ప్రతి దెబ్బకూ కళ్లు మూసుకుంది. తవ్విన కసువంతా సైదాబీ గొడ్డుకు పోయింది.

తొలకరికి ముందు ఆమె తొండూరు పోయి పినతల్లి కొడుకు ఇంట్లో దిగింది. చిన్నప్పుడు వదిలేసిన ఆ గుట్టల వెంట తిరిగి తంగేడు గింజలు, కానుగకాయలు, నల్లేరు తీగెలు మూటగట్టుకొని వచ్చింది. నీళ్లు పోసే దిక్కులేక కూడా ఆ గుట్టల మీద బతుకుతున్నాయి కదా అవి. సైదాబీ తన దొడ్లోంచి గోరింట కొమ్మ తెచ్చి రత్నమణి చేత నాటించింది. మీనాక్షమ్మ కరివేపాకు మొక్క పంపింది. అవిసె, మునగ మొక్కలు పిల్లలే పెట్టారు. ఆ ఏడు పడిన నాలుగు వానలకే అన్నీ తల ఎత్తాయి. మొదటి తడి తప్ప వాటికి బావితో పని పడలేదు.

సత్యానందం అయ్యగారు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన రోజు సంతోషమ్మ గేటు దగ్గరే ఎదురుపోయి అంతా చెప్పింది. ఓబులేసు అన్నదీ చెప్పింది. తాను దాన్ని ఆసరా చేసుకోలేదనీ చెప్పింది. ఆయన పొడి మట్టిలో పైకి లేస్తున్న తంగేడు మొలకల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పిల్లల నీల్లకని చేసినావు. తప్పని అనలేనమ్మా" అన్నాడు. "కానీ పోయింది కదా. ఆమె కాలు మోపిన తావు ఇంగ యాడా లేదు."

లోపలికి రాలేదు. మజ్జిగ ఇస్తే గేటు దగ్గరే తాగి, గ్లాసు మర్యాదగా చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని సంతోషమ్మకు అనిపించింది. ఆ తర్వాత ఆయన ఎప్పుడొచ్చినా బాగోగులు అడిగేవాడు, పిల్లలకు బొరుగులుండలు తెచ్చేవాడు. ఆ వాకిట్లో మాత్రం మళ్లీ కూర్చోలేదు.

ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఏళ్లు గడిచాయి. తంగేడు పూసినప్పుడు వాకిలంతా పసుపు ఆరబోసినట్లుండేది. ఒక్క పురుగు వాలని చోట తేనెటీగలు రొద చేసేవి. కానుగ పెరిగి వరండాకు నీడ పట్టింది. దాని కింద పిల్లలు పాఠాలు చదివేవాళ్లు, పడుకునేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు. అవిసాకు, మునగాకు వంటింట్లోకి వచ్చింది. బావి నీళ్లు ఎండాకాలంలోనూ అడుగంటలేదు. చూసినవాళ్లందరూ మంచిపని చేశావని మెచ్చుకునేవాళ్లు. సంతోషమ్మ తల ఊపేది, సంతోషం మాత్రం ముఖంలోకి వచ్చేది కాదు.

ఎందుకంటే కానుగ విరగబూసి, పేలాలు చల్లినట్లు వాకిలంతా రాల్చేది. ఆకూ అంతే. ఆ రాలిన ఆకు మొక్కల మొదట్లో పడివుంటే నేలకు తడి నిలుస్తుందని ఆమెకు తెలుసు. కానీ దొరసాని చెప్పింది చెత్త గురించే అయితే? అందుకని పొద్దున్నే లేచి ఊడ్చేది. ఊడ్చి, ఆ కుప్పను మళ్లీ చెట్ల మొదట్లోనే పోసేది. గాలికి అది మళ్లీ వాకిట్లోకి వచ్చేది. ఆమె మళ్లీ ఊడ్చేది. జ్వరం వచ్చినా ఒక్కరోజు మానలేదు. ఇక గరిక కూడా పూర్తిగా పోలేదు. ప్రతి తొలకరికీ తంగేటి కింద ఎక్కడో ఒక కొన తలెత్తేది. పీకబోయి, ఆగి, ఒకోసారి పీకేది, ఒకోసారి వదిలేసేది. మెట్ల పక్కన జానెడు మేర మాత్రం ఎప్పుడూ పీకలేదు. మీనాక్షమ్మకు చవితికి కావాలి కదా అని పైకి అనేది.

"పెద్దమ్మా, దీన్ని పీకేదా, పెంచేదా? ఒకటి చెప్పు" అని రత్నమణి నవ్వేది. ఆ పిల్ల చదువు ముగించి అక్కడే టీచరయింది. అరికాళ్ల మీద బొబ్బల మచ్చలు ఇంకా ఉన్నాయి.

నడుం వంగక చీపురు పట్టలేని రోజు వచ్చాక సంతోషమ్మ తొండూరుకు ప్రయాణం కట్టింది. పులివెందుల బస్సు గేటు దగ్గరే ఆపించాడు ఓబులేసు. తనూ ముసలివాడయ్యాడు, ఎద్దులు లేవు. మూటను పైకి ఎక్కించి, ఆమె చెయ్యి పట్టి మెట్టు ఎక్కించాడు. పిల్లలు ఏడుస్తూ నిలబడ్డారు. ఆ ఏడుపుల్లో ఆ పొద్దు ఎవరూ వాకిలి ఊడవలేదు. కానుగపూలు తెల్లగా పడి ఉన్నాయి.

రత్నమణి కిటికీ కమ్మీ పట్టుకుంది. "మేము ఏం చూసుకోవాల్నో చెప్పి పో పెద్దమ్మా. నువ్వు ఏం చెప్తే అది చేస్తాం. మాట ఇస్తా" అని చెయ్యి చాపింది.

సంతోషమ్మ కళ్లు వాకిలి మీదికి పోయాయి. రాలిన పూలమీద, తంగేటి మీద, మెట్ల పక్క జానెడు గరిక మీద. కసువు అన్న మాట నాలుక దాకా వచ్చింది. గొడుగు చివరలాగే తన వేలు కూడా లోపలికి లేవబోయింది.

ఆమె ఆ వేలిని ముడిచి, రత్నమణి చాచిన చేతిని మెల్లగా కమ్మీ మీదనే పెట్టింది.

"మాట ఏమీ ఇయ్యొద్దు బిడ్డా" అంది. "ఎండలో చెప్పుల్లేకుండా తిరగొద్దు. ఆకలైతే తినండి. మిగతాది మీకు యా పొద్దుకు ఏది తోస్తే అది చేసుకోండి."

"ఇంతేనా?"

"ఇంతే."

బస్సు కదిలింది. మలుపు తిరిగాక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, పక్కనున్నవాళ్లకు వినబడకుండా, ఏ దిక్కుకో తెలియకుండా అడిగింది: "అమ్మా, ఏ కసువు?"

ముద్దనూరు దాటేదాకా ఆ పెదాలు కదులుతూనే ఉన్నాయి.